పక్కన ఎవరైనా ఉన్నారా

ఈసారైనా సీటు పోనివ్వకండి అంది మా ఆవిడ. అనేసి, నా చొక్కా భుజం మీద లేని దుమ్మును ఒకసారి దులిపి, వెనక్కి తన వరసలోకి వెళ్లిపోయింది. నేనిప్పుడు విమానం దాకా వేసిన గొట్టం లాంటి దారిలో ఉన్నాను, కాళ్లు వాటి పాటికి అవి నడుస్తున్నాయి, బుర్ర మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయింది. సీటు పోనివ్వకండి అంటే సరిపోయేది. ఈసారైనా అని ఎందుకంది. పోయినసారి అంటూ ఒకటి ఉంటేనే కదా ఈసారి. ఏ పోయినసారి? ఒకప్పుడు సినిమా హాల్లో నా పక్క కుర్చీలో ఎవరో వచ్చి కూర్చుంటే ఆమె మూడు వరసల అవతల ఒక్కతే కూర్చుని సినిమా అంతా చూసింది, దాని గురించా. వాళ్ల చెల్లెలి పెళ్లి భోజనాల్లో పక్క కుర్చీ ఆపలేక ఆమెను రెండో బంతి దాకా నిలబెట్టాను, దాని గురించా. అలాంటివి నా బతుకులో బోలెడు. అవతలి మనిషి వచ్చి అడిగితే కాదనే మాట నాకు రాదు, పుట్టుక నుంచి అంతే, నోటి దాకా వచ్చి గొంతులోనే కూలబడుతుంది. ఆ బోలెడింటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది. ఆ ఒక్కటి కాకపోతే చాలు. ఆ ఒక్కటి ఆమెకు తెలియదు. తెలియదనుకునే నలభై మూడేళ్లు పక్కపక్కన పడుకుని లేచాం.

ఈ విమానంలో చీటీ మీద సీటు నంబరు ఉండదు. ఎక్కే వరసలో ఎన్నోవాడివో ఆ నంబరే ఉంటుంది. ముందు ఎక్కినవాడు నచ్చిన చోట కూర్చుంటాడు, పాతకాలపు బస్సులాగే. అల్లుడు ఫోన్లో నాది ముందు నొక్కాడట, ఆమెది నొక్కేలోపు ఏదో అడ్డం పడిందట, నాకు ఇరవై మూడు వచ్చింది, ఆమెకు నూట పదకొండు. పోనీ ఇద్దరం చివర్లో ఎక్కుదాం అన్నాను. అప్పుడు విడివిడిగా కూర్చోవాలట. ఆమె విమానం ఎక్కడం ఇదే మొదలు. భయమని చెప్పదు. భయమైనప్పుడు ఆమె సంచీ జిప్పు తీసి వేసి తీసి వేసి చేస్తుంది, పొద్దుటి నుంచి ఆ జిప్పు చప్పుడే వింటున్నాను. అసలు భయం విమానం గురించి కాదని కూడా నాకు తెలుసు. కూతురికి ఏడో నెల. మంచం దిగొద్దన్నారు. అల్లుడు ఫోన్లో ఏడో నెల అనే మాట అన్నప్పుడు ఆమె చేతిలో గరిటె కదలడం ఆగింది. నేను చూశాను. నేను చూడడం ఆమె చూసింది. ఆ తర్వాత గరిటె మళ్లీ కదిలింది.

నా ముందు చక్రాల పెట్టె లాక్కుంటూ నడుస్తున్న ఆయన నెలకు నాలుగుసార్లు ఇందులోనే తిరుగుతాడట. వరసలో నిలబడ్డప్పుడే నన్ను పైనుంచి కిందికి చూసి, "ఒక్కరేనా పెద్దాయనా?" అన్నాడు.

"మా ఆవిడ వెనక ఉంది."

"ఎంత నంబరు?"

"నూట పదకొండు."

"అయ్యో. అయితే వినండి. ముందు వరసల్లో సీటు ఆపితే జనం తిట్టుకుంటారు, అది మర్యాద కాదు. రెక్క దాటి బాగా వెనక్కి పోండి. మీరు కిటికీ పక్కన కూర్చుని నడిమిది ఆపండి. నడిమి సీటు ఎవరికీ అక్కర్లేదు. ఒకటే ఆపాలి, రెండు ఆపారా గొడవే."

"తువ్వాలు వెయ్యొచ్చా?"

ఆయన నవ్వాడు. "వెయ్యండి. కాకపోతే ఇక్కడ తువ్వాలుకి చట్టం లేదు. తీసి మీ చేతిలో పెట్టి కూర్చుంటే మీరు చేసేదేం లేదు. నోరుండాలి."

నోరుండాలట. వెతికి వెతికి నాకే చెప్పాడు.

లోపల అడుగు పెట్టగానే సీట్లు, వరస మీద వరస, అన్నీ ఖాళీ వీపులు. నాకు ఖాళీ సీట్లు చూడడం కొత్త కాదు. బస్సులు బాగుచేసే షెడ్డులో ముప్ఫై ఎనిమిదేళ్లు సీట్లు కుట్టాను. చిరిగిన రెగ్జిను ఊడదీయడం, లోపల నలిగిన స్పాంజి తీసి కొత్తది పెట్టడం, దబ్బనంతో మూలలు లాగి కుట్టడం, అదే పని. బడి మూడేళ్లతో ఆగిపోయినవాడికి అంతకంటే ఏం దొరుకుతుంది, దొరికిందే చాలనుకున్నాను, పైగా మాట్లాడక్కర్లేని పని. పెట్టె ఆయన చెప్పినట్టే రెక్క దాటి వెనక్కి వెళ్లి కిటికీ పక్కన కూర్చున్నాను. నడిమి సీటు మీద తువ్వాలు పరిచాను. పరుస్తుంటే వేళ్లు వాటంతట అవే కుట్టు తడిమాయి. కుట్టు దగ్గరగా బాగానే ఉంది, లోపల స్పాంజి పలచన, ఇంకో రెండేళ్లకు కూర్చున్నవాడికి ఇనుము తగులుతుంది. నా సంచీ కూడా దాని మీద పెట్టాను. మళ్లీ తీసి కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. సంచీ పెడితే మరీ కబ్జా చేసినట్టుంటుంది. తువ్వాలు అయితే మనిషి ఇప్పుడే లేచి వెళ్లినట్టుంటుంది.

మనిషి ఇప్పుడే లేచి వెళ్లినట్టు. ఆ రోజు బస్సులో కూడా తువ్వాలు అలాగే పడింది. బస్సు ఆగీ ఆగకముందే జనం మూగారు, కిటికీలోంచి ఒక్క ఖాళీ సీటు కనిపించింది, ఒక్కటే, తువ్వాలు ఉండచుట్టి విసిరాను, సరిగ్గా సీటు మధ్యలో పడి దానంతట అదే విచ్చుకుంది. జీవితంలో నేను గురి చూసి కొట్టింది అదొక్కటే. మా ఆవిడ వెనక నెమ్మదిగా వస్తోంది, ఏడో నెల, వాళ్ల అమ్మ దగ్గరికి తీసుకెళ్తున్నాను, ఇప్పుడే వెళ్లాలని రెండు రోజులుగా ఒకటే పట్టు. నేను తోసుకుంటూ ఎక్కి సీటు దగ్గరికి వచ్చేసరికి ఒకాయన దాని పక్కన నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా. చేతిలో మడత గొడుగు. ఎడమ కనుబొమ్మ పైన పుట్టుమచ్చ. పెద్దమనిషి, తోసేరకం కాదు, తువ్వాలు వంక చూసి నా వంక చూసి ఎంతో మర్యాదగా, "పక్కన ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. ఉన్నారు అనాలి. మూడక్షరాలు. నోరు తెరిచాను కూడా. ఆయన ఎదురుచూస్తున్నాడు, నా వెనక జనం తోస్తున్నారు, నా చెయ్యి వెళ్లి తువ్వాలు తీసేసింది. మంచిది బాబూ అని కూర్చున్నాడు. కూర్చోగానే గొడుగు మోకాళ్ల మధ్య పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆమె ఎక్కి నా దగ్గరికి వచ్చి కళ్లతోనే అడిగింది. నేను వచ్చేసరికే ఎవరో లాక్కుని కూర్చున్నారు అన్నాను. అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందో. ఉన్నారు అనే మాటకు లేని దారి దానికెక్కడ దొరికిందో.

"తాతగారూ, ఇది ఖాళీయేనా?"

ఎవరో అమ్మాయి, చెవుల్లో తెల్లటివి పెట్టుకుంది. నేను ఉలిక్కిపడి తువ్వాలు మీద చెయ్యి వేశాను. "అది కాదు, ఈ చివరిది," అంది దారి పక్క సీటు చూపించి. తల ఊపాను. కూర్చుని కళ్లు మూసుకుంది. ఇక వచ్చేవాళ్లకు మా ఇద్దరి మధ్య తెల్లగా తువ్వాలే కనిపిస్తుంది. జనం వస్తూనే ఉన్నారు. ముందు సీట్లు నిండిపోయినట్టున్నాయి, రెక్క దాటి ఒక్కొక్కరే వెనక్కి నడుస్తూ రెండు వైపులా చూసుకుంటూ వస్తున్నారు, ప్రతివాడి కళ్లూ నడిమి సీట్ల మీద ఆగుతున్నాయి, తువ్వాలు మీద ఆగుతున్నాయి, నా మీద ఆగుతున్నాయి. కళ్లు కలిపితే అడుగుతారని కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. బయట ఒకడు చేతిలో ఎర్ర కర్రలు పట్టుకుని ఎవరినో రమ్మంటున్నాడు. ఒకామె అడిగింది, తల అడ్డంగా ఊపాను, వెళ్లిపోయింది. ఒక లావుపాటాయన అడక్కుండానే వంగాడు, చెయ్యి అడ్డం పెట్టాను, "ఓహో, కర్చీఫ్ వేశారా," అని నవ్వుకుంటూ పోయాడు. మాట లేకుండా ఇద్దరిని గెలిచాను. ఇలాగే చేతులతో నెట్టుకొస్తే చాలు, ఆమె వచ్చేస్తుంది. ఎనభై నంబరు దాకా వచ్చి ఉంటారా. తొంభై?

ఆ రోజు బస్సులో ఆమె నాలుగు గంటలు నిలబడింది. పైన ఇనప కడ్డీ పట్టుకుని, ఇంకో చెయ్యి నడుము మీద. మధ్యలో ఒకామె జాలిపడి, జరుగుతాను కూర్చోమ్మా అంది. వద్దండీ అంది మా ఆవిడ. నాకు అప్పుడే అనుమానం వచ్చింది, కోపం నా మీద, తువ్వాలు తీయడం చూసేసిందేమో, నన్ను శిక్షించడానికే నిలబడిందేమో. నేను ఆ నాలుగు గంటలూ గొడుగు ఆయననే చూస్తూ నిలబడ్డాను. లే అని మనసులో అన్నాను. ఎన్నిసార్లన్నానో. ఆయన తల ఒకవైపుకు వాలింది, నోట్లోంచి సన్నగా గాలి వస్తోంది. మర్నాడు ఆసుపత్రి వరండాలో మా అత్తగారు గోడకు ఆనుకుని కూర్చుంది, నర్సమ్మ గుడ్డలో చుట్టిందేదో పట్టుకుని నా ముందు నుంచే వెళ్లింది, నేను పక్కకు జరిగి దారి ఇచ్చాను. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. నేను ఎవరినీ ఏమీ అడగలేదు. మూడో రోజు పనికి వెళ్లాను.

ఆయన కనబడడం అప్పుడే మొదలైంది. షెడ్డులో బస్సులోంచి ఊడదీసిన సీట్లు గోడ పక్కన వరసగా పెడతారు, తోలు లేకుండా, ఇనప చట్రాలు మాత్రమే. భోజనం ముగించి వచ్చేసరికి వాటిలో ఒకదాంట్లో కూర్చుని ఉండేవాడు. తెల్ల చొక్కా, మోకాళ్ల మధ్య గొడుగు, కళ్లు మూసుకుని. దగ్గరికి వెళ్తే గోడ మీద వెలుతురు. నా మేస్త్రి, "ఏంట్రా చట్రాలతో మాట్లాడుతున్నావా, మాతో అయితే మాట్లాడవు," అని ఎగతాళి చేసేవాడు. కొత్తగా కుట్టిన సీటు ఏదైనా ముందు నేను కూర్చుని చూడాలి, అది పద్ధతి. నేను కూర్చునేవాణ్ని కాదు. చేత్తో నొక్కి బాగుందనేవాణ్ని. ఆయన మీద కూర్చున్నట్టుంటుందని ఎవరికి చెప్పను. తొమ్మిదేళ్లకు కూతురు పుట్టింది, ఆయన పోతాడనుకున్నాను. పోలేదు, కాస్త వెనక వరసకు జరిగాడు అంతే. ఇప్పుడు బతికుంటే నూరేళ్లు దాటి ఉండాలి. చచ్చినవాడికి అయితే వయసు పెరగదు.

విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చింది. "సార్, ఫ్లైట్ నిండిపోతోంది. ఈ సీట్లో ఎవరైనా వస్తున్నారా?"

తల ఊపాను.

"ఎవరు సార్?"

ఎవరని చెప్పాలి. ఒక్క క్షణం నిజంగానే తెలియలేదు. ఎవరికోసం ఆపాను ఈ సీటు. ముడుచుకున్న తువ్వాలును చూస్తే ఒక చిన్న గుడ్డ మూటలా ఉంది. సర్ది చదును చేశాను. "మా ఆవిడ," అన్నాను.

"త్వరగా రమ్మనండి సార్. ఎక్కువసేపు ఆపడానికి వీల్లేదు," అని వెళ్లిపోయింది. రమ్మనడానికి ఆమె ఎక్కడుందో నాకు కనబడితే కదా. నించుని చూద్దామంటే పైన అర తలకు తగులుతుంది. తలల మీద తలలు. ముసలి కళ్లకు అన్నీ ఒకటే తల. ఆమె ముందు వరసల్లో ఎవరో జాలిపడి ఇచ్చిన చోట కూర్చుండిపోయిందేమో. మళ్లీ పోగొట్టాడులే అనుకుని అసలు ఇక్కడిదాకా రాదేమో. ఈసారైనా. ఈసారైనా అన్నప్పుడు ఆమె ముఖం ఎలా ఉంది? నవ్విందా? నేను చూడలేదు. నా భుజం మీద ఆమె చెయ్యి చూశాను, ముఖం చూడలేదు.

తల ఎత్తేసరికి వచ్చేశాడు. తెల్ల చొక్కా. దారిలో నిలబడి చివరి సీటు అమ్మాయి మీదుగా నా వైపు వంగి ఉన్నాడు. గొడుగు లేదు, చేతిలో మడిచిన పేపరుంది. పుట్టుమచ్చ ఉందో లేదో చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. ఎంతో మర్యాదగా అడిగాడు.

"పక్కన ఎవరైనా ఉన్నారా అండీ?"

నా చెయ్యి కదిలింది. తువ్వాలు మీద ఉన్న చెయ్యే, నలభై మూడేళ్ల కింద తీసిన చెయ్యే, వేళ్లు అంచు పట్టుకుని పైకి లేపబోతున్నాయి, నేను వాటిని చూస్తున్నాను, అవి నా మాట వినేట్టు లేవు. రెండో చేత్తో ఆ చేతిని పట్టుకున్నాను.

"ఉన్నారు," అన్నాను.

ఆయనకు వినపడనట్టుంది. "అండీ?" అన్నాడు.

"ఉన్నారు. ఉన్నారు. మా ఆవిడ. నూట పదకొండు. వస్తోంది. ఉన్నారు."

చెవుల్లో పెట్టుకున్న అమ్మాయి కూడా కళ్లు తెరిచింది. ముందు వరసలో రెండు తలలు వెనక్కి తిరిగాయి. "సరేనండీ, అలాగే కూర్చోండి, దానికేముంది," అని ఆయన కంగారుపడి వెనక్కి వెళ్లిపోయాడు. ఆయన వెనకే, సంచీ పొట్టకు కరుచుకుని, మా ఆవిడ నిలబడి ఉంది.

"ఎందుకంత గట్టిగా? విమానమంతా నా నంబరు చెప్పాలా?" అంది.

అమ్మాయి లేచి దారి ఇచ్చింది. ఆమె వచ్చి కూర్చుంది. తువ్వాలు తీసి మడిచి ఒళ్లో పెట్టుకుంది. బెల్టు పెట్టుకోవడం రాక తికమక పడుతుంటే నేను పెట్టాను. తలుపులు మూశారు. విమానం వెనక్కి కదిలినప్పుడు ఆమె జిప్పు తీసింది, వేసింది. అమ్మాయి మళ్లీ కళ్లు మూసుకుంది. ఇప్పుడు ఆగితే మళ్లీ ఈ నోరు తెరుచుకోదని నాకు తెలిసిపోయింది.

"ఈసారైనా అన్నావు," అన్నాను.

"అన్నానా?"

"అన్నావు. చొక్కా దులుపుతూ."

"ఏమో. నోటికొచ్చింది, అన్నాను. మీరేం సీటు ఎప్పుడు పట్టారు గనక."

అంతే. అంత చిన్న మాట. అక్కడితో ఊరుకోవచ్చు, ఆమెకేమీ తెలియదు, ఇంకెన్నాళ్లు బతుకుతామని, ఊరుకుంటే పోయేది. కాని తెరుచుకున్నది మూతపడలేదు.

"ఆ రోజు బస్సులో సీటు ఎవరూ లాక్కోలేదు. తువ్వాలు నేనే తీశాను. ఆయన అడిగాడు. ఉన్నారని చెప్పలేకపోయాను."

ఆమె ఏ రోజని అడగలేదు. ఎదుటి సీటు వీపు వంక చూస్తూ కూర్చుంది. విమానం నేల మీద ఊరికే తిరుగుతోంది, దాని రెక్క చివర దీపం వెలిగి ఆరుతోంది. అలా చూస్తూనే అంది.

"బస్సెక్కడానికి రెండు రోజుల ముందే కదలిక ఆగిపోయింది."

నాకు అర్థం కావడానికి కొంచెం పట్టింది.

"అమ్మ దగ్గరికి ఇప్పుడే వెళ్లాలని గోల పెట్టింది అందుకే. సీటుకీ దానికీ సంబంధం లేదు."

"చెప్పలేదు నాకు."

"మీరు అడుగుతారని చూశాను. ఒంట్లో ఎలా ఉందని ఒక్క ముక్క. అడిగితే చెప్పేద్దామని. బస్సులో నాలుగు గంటలూ మీ ముఖమే చూస్తూ నిలబడ్డాను. మీరేమో ఆ సీటు వంకే చూశారు."

"ఒకామె చోటిస్తానంది. కూర్చోలేదు నువ్వు."

"కూర్చుంటే బరువంతా ఒళ్లోకి వచ్చేది. నిలబడితే అంత తెలిసేది కాదు."

ఇంజను మోత పెరిగింది. వీపు సీటుకు అంటుకుపోయింది. కిటికీలో నేల వెనక్కి పరిగెత్తుతోంది, నేను ఆ బస్సులోకి వెళ్లి వెతుకుతున్నాను. గొడుగు ఆయన సీట్లో లేడు. ఎప్పుడు దిగిపోయాడో దిగిపోయాడు. కడ్డీ పట్టుకుని ఇరవై రెండేళ్ల పిల్ల నిలబడి ఉంది, నా మోచేతికి మోచెయ్యి తగిలేంత దగ్గరగా. ఆమె ముఖం చూద్దామని తల తిప్పుతున్నాను. ముఖం ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆయన కనుబొమ్మ మీది పుట్టుమచ్చ గుర్తుంది, గొడుగు పిడికి కట్టిన నల్లదారం గుర్తుంది, ఆమె ముఖం ఆ నాలుగు గంటలు ఎలా ఉందో ఒక్క గీత గుర్తు లేదు. చూస్తే కదా ఉండేది. ముప్ఫై ఎనిమిదేళ్లు ఖాళీ చట్రాల్లో ఎవరో కూర్చున్నారని భయపడ్డాను, ఇంట్లో పక్కన పడుకున్న మనిషి లోపల ఎవరున్నారో అడగలేదు. అడగాల్సినవి ఎన్నో ఉండి ఉంటాయి. మొదట ఏది అడగాలో తెలియక అడ్డదిడ్డంగా చేతికి అందింది లాగాను.

"ఆడపిల్లా, మగపిల్లాడా?"

ఆమె నా వైపు తిరిగింది. ఇన్నాళ్లకు అడిగినందుకు కోపం వస్తుందనుకున్నాను. ఆమె నా ముఖమంతా నెమ్మదిగా చూసింది, ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువు కోసం చూసినట్టు. విమానం నేలను వదిలింది. ఆమె చెయ్యి వచ్చి నా ముంజేతిని పట్టుకుంది, గోళ్లు దిగేంత గట్టిగా.

"ఆడపిల్ల," అంది. "అమ్మ చూడొద్దంది. నేను చూశాను. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. మీ పోలిక కాదులే అనుకున్నాను."